మైగ్రేన్ రాకుండా బీటా బ్లాకర్ మందులు వాడే విధానం: మొదలుపెట్టే ముందు నుంచి మానే వరకు

తలనొప్పికని వెళ్తే డాక్టరుగారు ప్రొప్రనోలాల్ రాశారు. ఇంటికొచ్చి ఆ పేరును ఫోన్‌లో వెతికితే అది గుండెకూ బీపీకీ వాడే మందని తేలింది. ఇంకేముంది, చీటీ బీరువాలోకి వెళ్ళిపోయింది. విజయవాడ సూర్యారావుపేటలో మందుల షాపు కౌంటరు వెనుక నిలబడే నాబోటివాళ్ళకు ఈ వరస కొత్తది కాదు. ధైర్యం చేసి వాడినవారిలోనూ కొందరు పది రోజులకే, “మళ్ళీ నొప్పి వచ్చిందండీ, ఈ మందు నాకు పడలేదు” అని తేల్చేస్తారు. ఈ మందును రోజుల లెక్కన కాక నెలల లెక్కన తూచాలన్న ఒక్క సంగతి ముందే తెలిసి ఉంటే వీరిలో చాలామంది దానిని మధ్యలో వదిలేవారు కాదు. అందుకే ఇక్కడ మొదటి నుంచీ వరసగా రాస్తున్నాను. ఎవరికి ఏ మందు, ఎంత మోతాదు అన్నది నిర్ణయించవలసింది మిమ్మల్ని పరీక్షించిన వైద్యులే. ఆ నిర్ణయం తరువాత దానిని సరిగ్గా అమలు చేసుకోవడానికి ఈ మార్గదర్శి.

ఈ మందు ఏం చేస్తుంది, ఏం చేయదు

ప్రొప్రనోలాల్ బీటా బ్లాకర్లు అనే మందుల కుటుంబంలోది. మైగ్రేన్‌కు వాడేటప్పుడు ఇవి నివారణ మందులు. నొప్పి మొదలయ్యాక ఒక మాత్ర వేసుకుంటే ఆ నొప్పి తగ్గదు. రోజూ వాడుతూ ఉంటే నొప్పి వచ్చే రోజుల సంఖ్య, వచ్చినప్పుడు దాని తీవ్రత క్రమంగా తగ్గుతాయి. ప్రొప్రనోలాల్‌ను బ్రిటన్‌లో జేమ్స్ బ్లాక్ అనే శాస్త్రవేత్త 1960ల తొలినాళ్ళలో గుండెనొప్పి రోగుల కోసం రూపొందించారు. 1988లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. గుండెనొప్పికి దానిని వాడుతున్నవారిలో మైగ్రేన్ కూడా తగ్గుతోందని 1966లో వైద్యులు గమనించడంతో ఈ రెండో ఉపయోగం అనుకోకుండా బయటపడింది. మీ చీటీ మీద గుండె మందు కనిపించడానికి కారణం అదే గాని, మీ గుండెలో దోషం ఉందని కాదు. మైగ్రేన్‌ను అది ఎలా ఆపుతుందన్నది ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. అడ్రినలిన్, నార్ అడ్రినలిన్ అనే రసాయనాల ప్రభావాన్ని అడ్డుకుని, మైగ్రేన్ ఉన్నవారి మెదడులో ఉండే అతి స్పందనను అది తగ్గిస్తుందని భావిస్తున్నారు. అలవాటు పడిపోయే మత్తుమందు మాత్రం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన అత్యావశ్యక మందుల జాబితాలో మైగ్రేన్ నివారణ కింద ప్రొప్రనోలాల్‌ను చేర్చింది. ఖరీదు కూడా తక్కువే.

మొదటి అడుగు: అది మైగ్రేనేనని నిర్ధారించుకోవడం

ఒంటికణత నొప్పి, కొట్టుకుంటున్నట్టుగా ఉండే పోటు, వికారం లేదా వాంతులు, వెలుతురునూ చప్పుడునూ భరించలేకపోవడం, మెట్లెక్కినా వంగినా నొప్పి పెరగడం, నాలుగు గంటల నుంచి మూడు రోజుల దాకా సాగడం మైగ్రేన్‌కు సాధారణ లక్షణాలు. నొప్పి రెండు వైపులా కూడా రావచ్చు. మన దగ్గర దీనిని సైనస్ అనో, గ్యాస్ తలకెక్కిందనో, కళ్ళజోడు మార్చాలనో అనుకుంటూ ఏళ్ళు గడిపేవారు ఎందరో. మైగ్రేన్‌లో ముక్కు దిబ్బడ, కళ్ళ నుంచి నీరు కారడం కూడా కనిపించవచ్చు కాబట్టి సైనస్ అన్న అపోహ మరింత బలపడుతుంది.

కొన్ని లక్షణాలు ఉంటే మాత్రం నివారణ మందుల ఆలోచన పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ఒక్కసారిగా పిడుగు పడినట్టు వచ్చిన భరించలేని నొప్పి, జ్వరంతో పాటు మెడ బిగుసుకోవడం, మాట తడబడటం, చేయీ కాలూ పట్టు తప్పడం, మూర్ఛ, తలకు దెబ్బ తగిలాక మొదలైన నొప్పి, యాభై ఏళ్ళు దాటాక తొలిసారిగా మొదలైన తలనొప్పి, గర్భిణిలోనో కొత్తగా ప్రసవించిన స్త్రీలోనో వచ్చిన తీవ్రమైన నొప్పి ఆ కోవలోవి.

మైగ్రేనేనని తేలినా అందరికీ రోజువారీ మందు అక్కర్లేదు. నెలలో నాలుగు రోజులో అంతకు మించో నొప్పి వస్తున్నప్పుడు, తక్కువసార్లు వచ్చినా పనికీ చదువుకూ వెళ్ళలేనంతగా పడగొడుతున్నప్పుడు, నొప్పి మాత్రలు పనిచేయనప్పుడు లేదా వాటి వాడకం మితిమీరినప్పుడు వైద్యులు నివారణ మందును ఆలోచిస్తారు.

రెండో అడుగు: గోడ మీది క్యాలెండరులో లెక్క

మందు మొదలుపెట్టక ముందే కనీసం ఒక నెల లెక్క రాసుకోవాలి. దీనికి ఫోన్‌లో యాప్‌లు ఉన్నాయి గాని, నా అనుభవంలో కడదాకా నిలిచేది వంటింటి గోడకు వేలాడే తెలుగు క్యాలెండరే. తిథులూ అమావాస్యలూ ఎలాగూ దానిలోనే చూస్తారు. పాల లెక్క రాసుకునేది, గ్యాస్ బండ వచ్చిన తేదీకి సున్నా చుట్టేది కూడా దాని మీదనే. తలనొప్పి వచ్చిన రోజు గడిలో ఎర్ర పెన్నుతో ఒక గీత, పని మానుకుని పడుకోవలసి వస్తే రెండు గీతలు, నొప్పి మాత్ర వేసుకుంటే ఆ మాత్ర పేరులోని తొలి అక్షరం రాస్తే చాలు. స్త్రీలు నెలసరి తేదీలను కూడా గుర్తుపెట్టుకుంటే నొప్పికీ దానికీ ఉన్న సంబంధం రెండు మూడు నెలల్లో కళ్ళకు కడుతుంది.

ఈ గడులను డాక్టరుకు చూపడం వల్ల కలిగే మేలు ఇంతింత కాదు. “తరచూ వస్తుందండీ” అన్న మాట నుంచి ఏ వైద్యుడూ మోతాదు నిర్ణయించలేడు. గుంటూరు పెద్దాసుపత్రిలోనో విజయవాడ జీజీహెచ్‌లోనో ఓపీ చీటీ తీసుకుని వరసలో నిలబడినవారికి డాక్టరు ఎదుట దొరికేది కొద్ది నిమిషాలే కాబట్టి, అక్కడ ఆ కాగితం తీసుకెళ్ళడం మరింత అవసరం. క్యాలెండరును ఫోటో తీసుకుని వెళ్ళినా సరిపోతుంది.

మూడో అడుగు: ఎవరు వాడకూడదో తెలుసుకోవడం

అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్త కావలసింది ఇక్కడే. ఉబ్బసం ఉన్నవారు ప్రొప్రనోలాల్ వాడకూడదు. అది గుండెతో పాటు ఊపిరితిత్తుల గొట్టాలలోని బీటా గ్రాహకాలను, అంటే అడ్రినలిన్ వచ్చి అతుక్కుని పనిచేసే చోట్లను, కూడా అడ్డుకుంటుంది. గొట్టాలు బిగుసుకుని ప్రాణం మీదకు తేగలదు. పైగా ఆ సమయంలో వాడే సాల్‌బుటమాల్ ఇన్‌హేలర్ కూడా సరిగ్గా పనిచేయకుండా చేస్తుంది.

చిక్కేమిటంటే, మన జిల్లాల్లో ఉబ్బసం ఉందని తెలియకుండానే ఉన్నవారు కనిపిస్తారు. గుంటూరు మిర్చి యార్డులోనూ దాని చుట్టూ ఉన్న కారం మిల్లుల్లోనూ పనిచేసేవారిని దగ్గు ఉందా అని అడిగితే నవ్వుతారు; ఆ ఘాటులో దగ్గనిదెవరు? అందువల్ల వారిని అడగవలసిన ప్రశ్న వేరు. యార్డు నుంచి ఇంటికి వచ్చాక కూడా, ముఖ్యంగా రాత్రి రెండో జాములోనో తెల్లవారుజామునో, ఆయాసంతో మెలకువ వస్తోందా? ఛాతీలో పిల్లికూతలు వినిపిస్తున్నాయా? చిన్నప్పుడు ఎప్పుడైనా ఆవిరి పట్టించారా, పంపు వాడారా? వీటిలో ఏ ఒక్కదానికి అవునని సమాధానం వచ్చినా, మందు మొదలుపెట్టక ముందే ఆ సంగతి డాక్టరుకు చెప్పి తీరాలి. ఊదే పరీక్షతో ఊపిరితిత్తుల పనితీరు తెలుసుకోవచ్చు. అడగలేదు కదా అని ఊరుకోకండి, మీరే చెప్పండి.

గుండె వేగం ముందే బాగా తక్కువగా ఉన్నవారు, గుండెలో విద్యుత్ ప్రసారానికి అడ్డంకి ఉన్నవారు, అదుపులో లేని గుండె వైఫల్యం ఉన్నవారు, బీపీ బాగా తక్కువగా ఉండేవారు, కాళ్ళకు రక్తప్రసరణ తీవ్రంగా తగ్గినవారు కూడా వీటికి దూరంగా ఉండాలి. అందుకే చాలామంది వైద్యులు ముందుగా ఒక ఈసీజీ తీయిస్తారు.

షుగరు ఉన్నవారికి నిషేధం లేదు గాని మెలకువ కావాలి. ఇన్సులిన్ గాని, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గాని వాడుతున్నవారిలో షుగరు పడిపోయినప్పుడు మామూలుగా గుండెదడ, చేతుల వణుకు హెచ్చరికగా వస్తాయి. బీటా బ్లాకర్ ఆ హెచ్చరికలను కప్పేస్తుంది. చెమట పట్టడం మాత్రం మిగులుతుంది. కార్తీక సోమవారం ఉపవాసాలో, రంజాన్ రోజాలో ఉండేవారు అకారణంగా చెమట పడితే వెంటనే షుగరు చూసుకోవాలి. అసలు ఆకలితో ఉండటమే చాలామందికి మైగ్రేన్‌ను రేపే కారణం కాబట్టి, ఉపవాసాల సంగతి డాక్టరుతో ముందుగా మాట్లాడుకోవడం రెండు విధాలా మంచిది.

గర్భిణులు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారు ఆ విషయం చెప్పాలి. బిడ్డ ఎదుగుదల తగ్గడం, పుట్టిన బిడ్డలో గుండె వేగమూ షుగరూ పడిపోవడం వంటి సమస్యలు రావచ్చు గనుక తప్పనిసరైతేనే, పర్యవేక్షణలోనే ఇస్తారు. కుంగుబాటుకు చికిత్స పొందుతున్నవారు, చలికి వేళ్ళు తెల్లబడి నొప్పిపెట్టేవారు, తేనెటీగ కాటుకో ఏదైనా ఆహారానికో తీవ్రమైన ఎలర్జీ వచ్చినవారు కూడా ముందే తెలియజేయాలి. ఎలర్జీ ఎందుకంటే, ఆ ఆపదలో ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్ ఈ మందు వాడేవారిలో సరిగ్గా పనిచేయకపోవచ్చు.

వాడుతున్న ఇతర మందులన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్ళడం ఉత్తమం. బీపీకో గుండెకో వాడే వెరాపమిల్, డిల్టియాజెమ్‌లతో కలిస్తే గుండె వేగం ప్రమాదకరంగా పడిపోవచ్చు. గ్లకోమాకు (నీటికాసులకు) కంట్లో వేసే టిమొలాల్ చుక్కలు కూడా బీటా బ్లాకరే. కంటి చుక్కలు మందుల లెక్కలోకి రావనుకుని చాలామంది వాటిని చెప్పరు.

నాలుగో అడుగు: మందు, మోతాదు, వేళ

మైగ్రేన్ నివారణకు బలమైన రుజువులు ఉన్నవి ప్రొప్రనోలాల్, మెటోప్రొలాల్, టిమొలాల్. వాటి తరువాత అటెనొలాల్, నడొలాల్. టిమొలాల్ మన దగ్గర ఎక్కువగా కంటి చుక్కల రూపంలోనే దొరుకుతుంది. బీటా బ్లాకర్లన్నీ మైగ్రేన్‌కు పనిచేయవు. పిండొలాల్ వంటివి ఉపయోగపడవు. కనుక ఇంట్లో పెద్దాయన వాడే బీపీ బిళ్ళ కూడా బీటా బ్లాకరేనని దానినే వేసుకోవడం తెలివితక్కువ పని.

సాధారణంగా ప్రొప్రనోలాల్‌ను పూటకు 20 మి.గ్రా. చొప్పున రోజుకు రెండుసార్లుగానో, నెమ్మదిగా విడుదలయ్యే రకమైతే రోజుకు ఒకటే 40 మి.గ్రా.గానో మొదలుపెట్టి, వారం రెండు వారాలకొకసారి కొద్దికొద్దిగా పెంచుతారు. ఎక్కువమందికి రోజు మొత్తం మీద 80 నుంచి 160 మి.గ్రా. మధ్య సరిపోతుంది, కొందరికి 240 దాకా వెళ్తారు. మెటోప్రొలాల్ అయితే రోజుకు 50 నుంచి 200, అటెనొలాల్ అయితే 50 నుంచి 100 మి.గ్రా. వరకు ఉంటుంది. తొలి మోతాదుతో ఫలితం కనబడకపోతే మందు ఓడిపోయిందని కాదు, ఇంకా పైమెట్టుకు చేరలేదని అర్థం.

స్ట్రిప్పు మీద పేరు పక్కన ఎల్.ఏ., టీ.ఆర్., ఎస్.ఆర్. అని ఉంటే అది నెమ్మదిగా విడుదలయ్యే రకం. దానిని నమలకూడదు, పొడి చేయకూడదు. మామూలు రకానికి బదులు ఇది, దీనికి బదులు అది అని షాపులో మార్చి ఇస్తే ఒప్పుకోకండి. మరో సంగతి: ప్రొప్రనోలాల్ మన మార్కెట్‌లో మరో మైగ్రేన్ నివారణ మందైన ఫ్లునారిజిన్‌తోనూ, ఎటిజొలామ్, క్లోనాజెపామ్ వంటి మత్తు కలిగించే మందులతోనూ కలిపి కూడా వస్తుంది. పేర్లు దాదాపు ఒకేలా ఉండి చివర ప్లస్ అనో బీటా అనో తోక మాత్రం మారుతుంది. చీటీలో ఉన్నది విడి మందో కలిపిన మందో స్ట్రిప్పు వెనుక చిన్న అక్షరాల్లో ఉండే మందుల జాబితా చదివి చూసుకోవాలి. తెలియకపోతే కౌంటరు దగ్గర చదివించుకోవాలి. చదివి చెప్పడం మా పని, మొహమాటపడనక్కర్లేదు.

రోజూ ఒకే వేళకు, తిన్నాకనైతే ఎప్పుడూ తిన్నాకనే వేసుకోవడం మంచిది, ఎందుకంటే ఆహారాన్ని బట్టి ఒంటికి పట్టే మందు పరిమాణం మారుతుంది. ఒక పూట మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోండి. తరువాతి పూట దగ్గరపడి ఉంటే వదిలేయండి. రెండు కలిపి మింగకూడదు.

ఐదో అడుగు: తొలి వారాలలో ఏమి గమనించాలి

బొటనవేలి కిందుగా మణికట్టు మీద రెండు వేళ్ళు ఆనించి, అర నిమిషం నాడి లెక్కపెట్టి రెట్టింపు చేస్తే చాలు. ఐదు నిమిషాలు కూర్చున్నాక లెక్కించాలి. ఈ మందుతో నాడి కొంత తగ్గడం సహజం. 60కి కాస్త దిగువన ఉండి మీకు హాయిగా ఉంటే కంగారు అక్కర్లేదు. 50 కంటే తగ్గినా, కళ్ళు బైర్లు కమ్మినా, బీపీ పై అంకె 100 కంటే తగ్గి నీరసంగా ఉన్నా తరువాతి మాత్రకు ముందే డాక్టరుకు ఫోన్ చేయాలి. ఆయాసం, పిల్లికూతలు, స్పృహ తప్పడం అయితే మాత్రం ఫోన్ల కోసం ఆగకుండా 108కి చెప్పాలి.

మొదటి రెండు మూడు వారాలు అలసట, చేతులూ కాళ్ళూ చల్లగా ఉండటం, లేచి నిలబడితే తల తిరగడం ఉండవచ్చు. క్రమంగా సర్దుకుంటాయి. ప్రొప్రనోలాల్ మెదడులోకి తేలికగా చేరుతుంది కాబట్టి కొందరికి గజిబిజి కలలు, పీడకలలు వస్తాయి; రాత్రి మాత్రను సాయంత్రానికి మార్చడమో, అటెనొలాల్ వంటిది ఇవ్వడమో చేస్తారు. మగవారిలో లైంగిక పటుత్వం తగ్గవచ్చు. ఈ మాట కౌంటరు దగ్గర ఎవరూ పైకి అనరు, మందు మాత్రం నిశ్శబ్దంగా మానేస్తారు. డాక్టరుకు చెబితే మార్చడానికి వేరే మందులు ఉన్నాయి.

బందరు కాలువ పక్కన పొద్దున్నే నడిచేవారు, వ్యాయామశాలకు వెళ్ళేవారు చేతి గడియారంలో గుండె వేగం ఎప్పటిలా పెరగడం లేదని బెంగపడతారు. అది మందు చేసే పనే. నడక తీవ్రతను అంకెతో కాక, మాట్లాడుతూ నడవగలుగుతున్నారా లేదా అన్నదానితో అంచనా వేసుకోండి.

మన ఎండల గురించి విడిగా చెప్పాలి. ఒళ్ళు వేడెక్కినప్పుడు చర్మానికి రక్తం ఎక్కువగా పంపి, గుండె వేగం పెంచి శరీరం చల్లబడుతుంది. బీటా బ్లాకర్ ఈ రెండింటికీ పగ్గం వేస్తుంది. మే నెలలో బెజవాడ ఎండ 40 డిగ్రీలు దాటిన రోజున మధ్యాహ్నపు ప్రయాణాలు పెట్టుకోకపోవడం, మజ్జిగో నీళ్ళో దగ్గర ఉంచుకోవడం వడదెబ్బకే కాదు, మైగ్రేన్‌కు కూడా నివారణే. విరేచనాలో వాంతులో పట్టుకుంటే బీపీ మరింత పడిపోతుంది. మందు కొనసాగించాలా వద్దా అని అడిగి తెలుసుకోవాలి.

ఆరో అడుగు: నొప్పి వచ్చిన రోజు

నివారణ మందు వాడుతున్నా మధ్యలో నొప్పి వస్తుంది. ఆ రోజు బీటా బ్లాకర్‌ను మామూలుగా వేసుకుని, నొప్పికి ఇచ్చిన మందును నొప్పి మొదలైన తొలి గంటలోనే వాడాలి. పారాసెటమాల్, నాప్రోక్సెన్ వంటివాటితో పెద్ద ఇబ్బంది లేదు. వచ్చిన మైగ్రేన్ నొప్పిని ఆపడానికి వాడే ట్రిప్టాన్లనే మందుల్లో ఒకటైన రైజాట్రిప్టాన్ వాడేవారు మాత్రం జాగ్రత్త పడాలి. ప్రొప్రనోలాల్ దాని మోతాదును రక్తంలో దాదాపు 70 శాతం పెంచుతుంది. అందుకే 10కి బదులు 5 మి.గ్రా. మాత్ర ఇస్తారు. సుమాట్రిప్టాన్‌తో ఈ చిక్కు లేదు. ఎర్గోటమిన్ ఉన్న మాత్రలు, మన దగ్గర అందరికీ తెలిసిన వాసోగ్రెయిన్ ఆ రకమే, బీటా బ్లాకర్‌తో కలిస్తే చేతులకూ కాళ్ళకూ రక్తప్రసరణ తగ్గించగలవు. డాక్టరుకు చెప్పకుండా రెండూ కలిపి వాడకండి.

నొప్పి మాత్రలే కొత్త తలనొప్పిని పుట్టించే స్థితి కూడా ఒకటుంది. రెండు మూడు మందులు కలిపి చేసిన నొప్పి మాత్రలు, ఎర్గోటమిన్, ట్రిప్టాన్లు నెలకు పది రోజులు, మామూలు నొప్పి మాత్రలు నెలకు పదిహేను రోజులు మించి మూడు నెలలకు పైగా వాడితే ఆ ప్రమాదం ఉంటుంది. క్యాలెండరు గడుల్లో ఆ అక్షరాలను లెక్కపెట్టండి. పది దాటుతున్నవారికి బీటా బ్లాకర్ ఎంత పెంచినా పూర్తి ఫలితం రాకపోవచ్చు. ముందు ఆ మాత్రలు తగ్గించాలి.

ఏడో అడుగు: మూడో నెలలో తీర్పు

సరిపడే మోతాదుకు చేరిన తరువాత రెండు నుంచి మూడు నెలలు ఆగి చూడాలి. మొదలుపెట్టక ముందు నెల కాగితాన్నీ ఇప్పటి నెల కాగితాన్నీ పక్కపక్కన పెట్టండి. నొప్పి రోజులు సగానికి తగ్గితే వైద్యశాస్త్రం లెక్కలో అది మంచి ఫలితం. ఎనిమిది రోజులు నాలుగయ్యాయంటే, “ఇంకా నాలుగు రోజులు వస్తోంది కదా” అని నిరుత్సాహపడేవారే ఎక్కువ. రెండు గీతల రోజులు ఒక గీతకు దిగాయా, మాత్రల అక్షరాలు తగ్గాయా అన్నవి కూడా చూడాలి. పెళ్ళిళ్ళ సీజనులోనో పరీక్షల నెలలోనో నిద్ర చెడి నొప్పి పెరిగితే ఆ ఒక్క నెలను బట్టి తీర్మానించకూడదు.

అప్పటికీ తేడా లేకపోతే మొండిగా సాగదీయనక్కర్లేదు. అమిట్రిప్టిలిన్, టొపిరమేట్, ఫ్లునారిజిన్, క్యాండెసార్టాన్ వంటి వేరే దారులు ఉన్నాయి. ఈ మధ్య వచ్చిన ఖరీదైన ఇంజెక్షన్లూ ఉన్నాయి. వాటిలో ప్రతిదానికీ దాని జాగ్రత్తలు దానికి ఉంటాయి. ఉదాహరణకు టొపిరమేట్ గర్భం దాల్చే అవకాశం ఉన్నవారికి తగదు.

ఎనిమిదో అడుగు: మానడం

ఫలితం బాగుంటే ఆరు నెలల నుంచి ఏడాది వరకు కొనసాగించి, ఆపైన తగ్గించే ప్రయత్నం చేస్తారు. ఒక్కరోజులో మాత్రం ఆపకూడదు. ఇన్నాళ్ళూ అదుపులో ఉన్న గ్రాహకాలు ఒక్కసారిగా విజృంభించి గుండెదడ, బీపీ పెరగడం, గుండె జబ్బు లోపల ఉన్నవారిలో గుండెపోటు కూడా రావచ్చు. అందుకే రెండు మూడు వారాలో, అంతకంటే ఎక్కువ కాలమో తీసుకుని మెట్లు మెట్లుగా దించుతారు. రోజుకు 80 మి.గ్రా. వాడుతున్నవారికి కొద్ది రోజులు 60, ఆపైన 40, ఆ తరువాత 20 అన్నట్టుగా వైద్యులు ఒక పట్టిక రాసిస్తారు. రాయకపోతే అడిగి రాయించుకోండి.

తెలియకుండానే ఆపేసే సందర్భాలు రెండు. ఊరు వెళ్ళినప్పుడు మందు ఇంట్లో మరిచిపోవడం ఒకటి: పండక్కి పల్లెకు వెళ్తే అక్కడ ఎల్.ఏ. రకం దొరక్కపోవచ్చు, కనుక సంచిలో వారానికి సరిపడా అదనంగా ఉంచుకోవాలి. శస్త్రచికిత్సకు ముందు ఎవరో అన్ని మాత్రలూ ఆపమన్నారని దీనినీ ఆపేయడం రెండోది: మత్తు ఇచ్చే డాక్టరుకు దీని పేరు చెప్పి, ఆయన ఏం చెబితే అది చేయాలి. పన్ను పీకించుకునేటప్పుడు కూడా దంతవైద్యుడికి చెప్పండి. తిమ్మిరి ఇంజెక్షన్లలో అడ్రినలిన్ కలుస్తుంది.

తగ్గిస్తున్న వారాల్లోనూ, మానేసిన తరువాత మూడు నెలల వరకూ క్యాలెండరులో గీతలు పెట్టడం ఆపకండి. నొప్పి రోజులు మళ్ళీ పాత సంఖ్యకు దగ్గరపడుతుంటే పాత స్ట్రిప్పు వెతికి పాత మోతాదుతో మీరే మొదలుపెట్టకూడదు. మధ్యలో ఉబ్బసమో షుగరో గర్భమో వచ్చి ఉండవచ్చు, కొత్త మందులు చేరి ఉండవచ్చు. ఆ కాగితాలతో మళ్ళీ డాక్టరు దగ్గరకు వెళ్ళి, ఒకసారి నాడీ బీపీ చూపించుకుని, తక్కువ మోతాదు నుంచే తిరిగి మొదలుపెట్టాలి.